జోడు బజారు

ముసఫ్ఫా, అబుదాబి
20 ఆగస్టు 2022

చిరంజీవి సత్యానికి,

మావయ్య ఆశీస్సులు. నీకూ, దుర్గకీ కూడా.

ఈ ఉత్తరం రాజేశ్వర్ చేతికిచ్చి పంపుతున్నాను. రువైస్ బస్సు నడిపే నిజామాబాద్ మనిషి, నీకూ తెలుసు. "ఈ కాలంలో ఉత్తరాలేంది అన్నా!" అని నవ్వుతాడు గానీ, జేబులో పెట్టుకుని జాగ్రత్తగా తీసుకెళ్తాడు. నేనేం చెయ్యను? కరోనా జ్వరం పోతూ పోతూ నా కుడి చెవిని పూర్తిగా, ఎడమ చెవిని సగం పట్టుకుపోయింది. మీ అత్తయ్య ముమ్మిడివరం నుంచి ఫోన్ చేసి అరుస్తుంది. నాకు అరుపే వినపడుతుంది, మాట వినపడదు. ఎవరైనా ఎడమ పక్కకి వచ్చి గట్టిగా చెప్తేనే మాట అందుతుంది. వాట్సాప్‌లో గీకడం నా వేళ్ల వల్ల కాదు.

బజారు సంగతి చెప్తాను. నువ్వు మొదటిసారి ఈ దేశం వచ్చి నా షాపులో నెల్లాళ్లు పడుకున్నప్పుడు మన జోడు బజారు ఎలా ఉండేదో గుర్తుందిగా. ఎదురెదురుగా రెండు వరసల షాపులు, రెంటికీ వరండాలు, మధ్యలో ఖాళీ. శుక్రవారం సాయంత్రం ఆ ఖాళీలో నడవాలంటే భుజం భుజం రాసుకోవాల్సిందే. కార్మికుల క్యాంపుల నుంచి బస్సులు దిగేవి. ఇంటికెళ్లేవాడు నా దగ్గర సూటుకేసు కొనేవాడు, పక్కన దుప్పటి కొనేవాడు, దిల్షాద్ బేగం హోటల్లో చాయ్ తాగి, మళ్లీ నా దగ్గరకొచ్చి అట్టపెట్టెకి తాడు కట్టించుకునేవాడు.

రెండువేల ఇరవైలో విమానాలు మళ్లీ మొదలైనప్పుడు నేను అమ్మినన్ని పెట్టెలు అంతకు ముందెప్పుడూ అమ్మలేదు. లైను కట్టి మరీ కొన్నారు. వ్యాపారం బాగుందని లోలోపల సంతోషించాను కూడా. ఆ పెట్టెలు పట్టుకుని వెళ్లినవాళ్లలో ఎక్కువమంది మళ్లీ రారని నాకప్పుడు తట్టలేదు. క్యాంపులు ఖాళీ అయ్యాయి. బస్టాపు కొత్త మాల్ దగ్గరకి మారింది. ఇప్పుడు సగం షట్టర్లు దించే ఉంటాయి. వరండాలో పిల్లులు పడుకుంటున్నాయి.

నిన్న దిల్షాద్ బేగం వచ్చి, "భయ్యా, ఖలాస్ ఇగ. నేనూ అల్మాసూ షార్జా పోతం. మా తమ్ముడు అక్కడ హోటల్ చూసిండు," అంది. మొగుడు పోయాక కూతుర్ని పెట్టుకుని ఆ పొయ్యి మీదే బతికిన మనిషి. ఆవిడ కూడా వెళ్తే ఈ బజారుకి చాయ్ వాసన కూడా ఉండదు.

అందుకే అడుగుతున్నాను. ఈ బిల్డింగు వ్యవహారాలు చూసే కంపెనీలోనే నువ్వు పనిచేస్తున్నావు. లీజు కాయితాలన్నీ నీ చేతి మీదుగానే వెళ్తాయన్నావు. యజమానుల మనసులో ఏముంది? బజారుని ఉంచుతారా, లేదా? ఒక్క ముక్క రాయి.

మీ మావయ్య
ఆదిశేషు

*

రువైస్
3 సెప్టెంబరు 2022

పూజ్యులు మావయ్యకి,

సత్యప్రసాద్ నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. దుర్గ రెండుసార్లు చదివింది.

ముందు మంచి కబురు. దుర్గకి మూడో నెల. ఇక్కడ కంపెనీ ఫ్లాటు, ఆసుపత్రి దగ్గర్లోనే ఉన్నాయి కాబట్టి కాన్పు ఇక్కడేనని అనుకుంటున్నాం. ఈ ఏడాది నా ఉద్యోగం సాఫీగా సాగితే చాలు.

బజారు గురించి అడిగారు. ఆఫీసులో రకరకాల మాటలు నడుస్తుంటాయి మావయ్యా. ఏదీ ఖాయం అని చెప్పలేను. నాలాంటివాడికి పూర్తిగా తెలియనివ్వరు కూడా.

నాదొక సలహా. మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో మనవాళ్ల కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడ ఒక సూపర్‌మార్కెట్ పక్కన చిన్న షాపు ఖాళీగా ఉంది. మీరు ఊఁ అంటే మాట్లాడతాను. ఎన్నాళ్లని అక్కడే కూర్చుంటారు? ఈ చలికాలంలోపే మారిపోతే మంచిది.

ఎండ జాగ్రత్త.

మీ
సత్యప్రసాద్

*

ముసఫ్ఫా
2 అక్టోబరు 2022

చిరంజీవి సత్యానికి,

తాతనవుతున్నానన్న కబురు చదివి షాపులో ఒక్కణ్నీ నవ్వుకున్నాను. దుర్గని బరువులు ఎత్తనివ్వకు.

ఇక నీ సలహా. నాకు కోపం వచ్చిందని దాచను. అడిగింది బజారు గురించి, నువ్వు చెప్పింది నా ఒక్కడి గురించి. నేనొక్కణ్నీ పోయి సూపర్‌మార్కెట్ పక్కన పెట్టెలు పరుచుకుంటే ఎవరు కొంటారు? పెట్టె కొనేవాడికి పక్కన దుప్పటి షాపు కావాలి, చాయ్ కావాలి, కాసేపు కూర్చుని ఊరి కబుర్లు చెప్పుకునే గట్టు కావాలి. అవన్నీ కలిస్తేనే బజారు.

ఆ కోపంలోనే ఒక ఆలోచన వచ్చింది. మొన్న పని మీద నువ్వు చెప్పిన సిటీకే వెళ్లాను. సాయంత్రం పార్కు దగ్గర మన ఆడవాళ్లు గుంపులుగా నిలబడి ఉన్నారు. కాకినాడ వైపు అమ్మాయి ఒకామె, ఇళ్లలో పని చేస్తుందిట, "జాకెట్టు కుట్టించుకోవాలంటే ఊరెళ్లాల్సొస్తందండీ బాబూ," అని గట్టిగా అంటోంది. ఇంకొకావిడ సున్నుండలు చేసి తెలిసిన ఇళ్లకి అమ్ముతోంది. వాళ్లకి కూర్చునే చోటు లేదు. మనకి చోటు ఉంది, మనుషులు లేరు. మధ్యలో పది నిమిషాల దారి.

ఖాళీ షాపుల్ని ఏడాది లీజుకి కాకుండా వారంలో రెండు సాయంత్రాలకి చవగ్గా ఇస్తే? వరండాలో బల్లలు వేసి, దీపాలు పెట్టి, ఆ సిటీ నుంచి ఒక బస్సు తిప్పితే? కుట్టేవాళ్లు, వండేవాళ్లు, గడియారాలు బాగుచేసేవాళ్లు, అందరూ వస్తారు. మన బజారుకి వరండా ఉంది సత్యం. మాల్‌లో ఎన్ని ఉన్నా, ఏమీ కొనకుండా కూర్చుంటే సెక్యూరిటీవాడు చూస్తాడు. ఇక్కడ ఎవడూ చూడడు.

ఇదంతా తెలుగులో రాసి దీనితో పెట్టాను. నువ్వు మంచి ఇంగ్లీషులోకి మార్చి మీ ముదీర్‌కి, అదే మీ మేనేజరుకి, ఇవ్వు.

దిల్షాద్ బేగం ఆగింది. ఎలా ఆపానో చెప్పనా? "నా మేనల్లుడు ఆ ఆఫీసులోనే ఉన్నాడమ్మా. బజారు తీసేసేదుంటే ముందు నాకే చెప్తాడు," అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి, "మీ మాట మీద ఉంటున్న భయ్యా," అంది. షార్జా తమ్ముడికి రావడం లేదని చెప్పేసింది.

మావయ్య

*

రువైస్
23 అక్టోబరు 2022

పూజ్యులు మావయ్యకి,

మీరు రాసింది ఇంగ్లీషులోకి మార్చాను. నిజంగా చాలా బాగుంది. మారుస్తున్నంతసేపూ ఆ వరండాలు కళ్ల ముందు కనిపించాయి. ముదీర్ చేతికి ఇచ్చాను. చూస్తానన్నారు. ఆయన చూస్తారని మాత్రం నేను చెప్పలేను.

ఒక్క మాట. దిల్షాద్ బేగం గారు నా పేరు మీద ఆగడం నాకు ఇబ్బందిగా ఉంది. ఆవిడ నిర్ణయం ఆవిడే తీసుకోవాలి. షార్జా అవకాశం మంచిదైతే వెళ్లమనండి. నేను చిన్న ఉద్యోగిని మావయ్యా. ఆఫీసు మాటలు బయట మాట్లాడకూడదని మా దగ్గర సంతకాలు తీసుకుంటారు. అందుకని నా మౌనానికి ఏ అర్థమూ తీయకండి. మంచిదీ, చెడ్డదీ కూడా.

దుర్గ ఆవకాయ అడుగుతోంది. ఉంటే రాజేశ్వర్‌తో పంపండి.

సత్యప్రసాద్

*

ముసఫ్ఫా
5 డిసెంబరు 2022

చిరంజీవి సత్యానికి,

ఆవకాయ పంపుతున్నాను, సీసా నిలువుగా పెట్టమని రాజేశ్వర్‌కి చెప్పాను. దానికంటే ముందు ఇది చదువు.

మీ ముదీర్ జవాబు కోసం ఎదురు చూసి చూసి, మేమే ఒక సాయంత్రం చేసి చూపిద్దాం అనుకున్నాం. అల్మాస్ చదువుకున్న పిల్ల, అరబీ వచ్చు. తనే తిరిగి బలదియా, అంటే మునిసిపాలిటీ, అనుమతి తెచ్చింది. నేషనల్ డే సెలవుల్లో పెట్టాం. వాతావరణం చల్లగా ఉంది. దుప్పటి షాపు మలయాళీ తన గల్లా బల్లనే బయటికి లాగించాడు. నేను అమ్ముడుపోని పెద్ద సూటుకేసులన్నీ వరండాలో పడుకోబెట్టి కుర్చీలుగా వేశాను. సిటీ నుంచి రాజేశ్వర్ తన స్నేహితుల బస్సులు తిప్పించాడు.

మొదట గంటసేపు ఎవరూ రాలేదు. దిల్షాద్ బేగం గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి నావైపే చూస్తోంది. నేను తలెత్తలేదు. ఆ తర్వాత ఒక బస్సు దిగింది. ఇంకొకటి దిగింది. చీకటి పడేసరికి మధ్యలో నడవడానికి చోటు లేదు సత్యం! పిల్లలు పరుగులు, కుట్టుమిషన్ల చప్పుడు, ఎవరో సున్నుండల కోసం పోట్లాట. ఆ కాకినాడ అమ్మాయి తన స్నేహితురాళ్లని పదిమందిని తెచ్చింది. జగిత్యాల వైపు పెద్దాయన ఒకడు, ఐకాడ్ ఫ్యాక్టరీల వైపు వెల్డరుట, నా సూటుకేసు మీద కూర్చుని, "గిట్ల మనుషుల నడుమ కూసోక ఎన్నేండ్లయిందో అన్నా," అన్నాడు. మామూలుగా మాట వినపడని నాకు ఆ రోజు ఆ రొద వినపడింది. ఇదిగో, రాస్తుంటే కళ్లు తడుస్తున్నాయి.

దిల్షాద్ బేగం వండింది వండినట్టే అయిపోయింది. మర్నాడు పొద్దున్నే వెళ్లి రొట్టెలకి కొత్త పొయ్యి చెప్పొచ్చింది. పాతదానితో ఇక లాభం లేదంది. నేనూ సరే అన్నాను.

ఇప్పుడు మీ ముదీర్ కూడా దిగొచ్చాడు. జనవరిలో షాపులవాళ్లందరితో ఇక్కడే మీటింగ్ పెడతానని కబురు పంపాడు. మన కాయితం చదివే ఉంటాడు. అంతా నీ ఇంగ్లీషు చలవ.

మావయ్య

*

రువైస్
8 జనవరి 2023

మావయ్యకి,

ఈ ఉత్తరం తొందరలో రాస్తున్నాను. ముదీర్‌తో మీటింగ్‌కి మీరు వెళ్లకండి. ఒంట్లో బాగాలేదని చెప్పండి. నేను ఈ ఆదివారం వచ్చి మీతో మాట్లాడదామనుకున్నాను. దుర్గకి కాళ్ల వాపు వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. వచ్చే ఆదివారం తప్పకుండా వస్తాను. అప్పటిదాకా ఎవరికీ ఏ మాటా ఇవ్వకండి. కొత్త పొయ్యి ఇంకా రాకపోతే వద్దని చెప్పమనండి.

సత్యం

*

ముసఫ్ఫా
13 జనవరి 2023

సత్యప్రసాద్ గారికి,

తమరు రాసిన ఉత్తరం మీటింగ్ అయిన మర్నాడు నాకు చేరింది. బస్సు చెడిపోయిందిట. రాజేశ్వర్ తప్పేమీ లేదు.

ఏం జరిగిందో తమరికి తెలిసే ఉంటుంది. అయినా రాస్తాను.

ముదీర్ గారు వరండాలో నిలబడి మాట్లాడారు. షాపులవాళ్లం అందరం చుట్టూ చేరాం. మంచి రోజు అనుకుని నేను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను, ముందు వరసలో నిలబడ్డాను. ఆయన హిందీలో మెల్లగా మాట్లాడే మనిషి. నాకు పెదవులు కదలడం కనిపిస్తోంది గానీ మాట అందడం లేదు. మంచి మాటే అయి ఉంటుందని తలాడిస్తున్నాను. ఇంతలో అందరూ ఒక్కసారి నావైపు తిరిగారు. మలయాళీ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. నేనింకా నవ్వుతూనే ఉన్నాను.

అప్పుడు దిల్షాద్ బేగం నా ఎడమ పక్కకి వచ్చి, చెవి దగ్గర నోరు పెట్టి, గట్టిగా చెప్పింది. "బిల్డింగ్ గోడౌన్‌కి ఇచ్చిన్రంట భయ్యా. పార్సిల్ కంపెనీకి. మే నెల నుంచే మాటలు నడుస్తున్నయంట. కాయితాలన్నీ మీ సత్యప్రసాదే తయారు చేసిండు, మీకు చెప్పలేదా అని అడుగుతున్నడు సాబ్."

ఆవిడ కోపంతో చెప్పలేదు. నాకు అర్థం కావాలని ఒక్కో మాటా విడదీసి చెప్పింది. అదే నేను మర్చిపోలేకపోతున్నాను.

మార్చి ఆఖరుకి అందరి లీజులూ అయిపోతాయి, ఇక పొడిగించరుట. ముదీర్ గారు కారెక్కి వెళ్లిపోయారు. ఎవరూ నన్ను తిట్టలేదు. ఒక్కొక్కరే వెళ్లి షాపుల్లో కూర్చున్నారు. కొత్త పొయ్యి ఆ ముందు రోజే వచ్చింది. దాని అట్ట ఇంకా విప్పలేదు.

తమరు ఆదివారం రానక్కర్లేదు.

ఆదిశేషు

*

రువైస్
22 జనవరి 2023

మావయ్యకి,

రావద్దన్నారు కాబట్టి రాలేదు. మీరు నన్ను 'గారు' అన్న ఉత్తరం దుర్గ చూసింది. అప్పటిదాకా తనకీ నేనేమీ చెప్పలేదు. "మీ మావయ్య షాపులో నేల మీద పడుకున్నవాడివి, ఇలా ఎలా చేశావు?" అంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఎలా చేశానో చెప్తాను. మేలో నాకు తెలిసింది. షాపులవాళ్లకి ముందే తెలిస్తే గొడవ అవుతుంది, పార్సిల్ కంపెనీ వెనక్కి పోతుంది, మాట బయటికొస్తే నీ ఉద్యోగం ఉండదని ముదీర్ చెప్పారు. దుర్గ వీసా, ఈ ఫ్లాటు, ఆసుపత్రి కార్డు అన్నీ ఆ ఉద్యోగం మీదే ఉన్నాయి. మిమ్మల్ని ఒక్కరినీ ముందే బయటికి లాగేస్తే నా బాధ్యత తీరుతుందనుకున్నాను. అందుకే ఆ సూపర్‌మార్కెట్ పక్క షాపు. మీరు కోప్పడ్డారు. మీకు నేను తప్ప ఇంకో పాతికమంది కూడా ఉన్నారని నాకు అప్పుడు అర్థం కాలేదు.

ప్రతి ఉత్తరంలోనూ చెప్దామనే మొదలుపెట్టాను. ఆ డిసెంబరు సాయంత్రం గురించి మీరు రాశాక ఇక చెయ్యి ఆడలేదు.

క్షమించమని అడగను. ఏదైనా చెయ్యగలనేమో చూస్తున్నాను.

సత్యప్రసాద్

*

రువైస్
19 ఫిబ్రవరి 2023

మావయ్యకి,

మీ నుంచి జవాబు లేదు. ఇది చదవకుండా పక్కన పెట్టినా సరే, రాయాల్సింది రాస్తాను.

పోయిన వారం సెలవు పెట్టి అల్ ఐన్ వెళ్లాను. బిల్డింగు యజమాని పెద్దాయన అక్కడే ఉంటారు. ముదీర్‌కి చెప్పకుండా వెళ్లాను. రెండు రోజులు గేటు దగ్గర కూర్చుంటే మూడో రోజు లోపలికి పిలిచారు. మీ కాయితం ఇంగ్లీషుదీ, అల్మాస్ పంపిన ఫోటోలూ ఇచ్చాను. నేను అడిగితే పంపింది ఆ అమ్మాయి, ఒక్క మాట కూడా రాయకుండా.

పెద్దాయన ఫోటోలు ఒక్కొక్కటే చూశారు. చాలాసేపు చూశారు. "ఇది నా బిల్డింగేనా?" అని అడిగారు. అవునన్నాను. కాయితం మనవడి చేత అరబీలో చెప్పించుకున్నారు. తర్వాత ఆయన అన్న మాట మీకు చెప్పకుండా ఉండొచ్చు. మీకెప్పటికీ తెలియదు. కానీ ఇక ఏదీ దాచదలచుకోలేదు.

"ఇది అక్టోబరులో రాశారా? నేను సంతకం పెట్టింది డిసెంబరు ఆఖర్న. అప్పటిదాకా బిల్డింగు నా చేతిలోనే ఉంది. ఇది నా దగ్గరికి ఎవరూ ఎందుకు తేలేదు?" అన్నారు.

ముదీర్ ఆయనకి చూపించనే లేదు మావయ్యా. నేను ముదీర్ చేతికిచ్చి, నా పని అయిపోయిందనుకున్నాను. అక్టోబరులోనో, మీ సాయంత్రం అయిన మర్నాడో నేనే అల్ ఐన్ వెళ్లి ఉంటే బజారు ఉండేదేమో. ఉండేదని చెప్పలేను. ఉండేది కాదనీ చెప్పలేను.

సంతకం వెనక్కి తీసుకోలేనన్నారు. కానీ రోడ్డు వైపు చివరి నాలుగు షాపులు గోడౌన్‌వాళ్లకి అక్కర్లేదుట. అవి అలాగే ఉంచమని నా ముందే ఫోన్‌లో చెప్పారు. దిల్షాద్ బేగం హోటల్ అందులో ఉంది. మీ షాపు లేదు. అడిగాను, కుదరలేదు.

నాకు ఈ వారమే ఆర్డరు వచ్చింది. లీజుల పని నుంచి తీసేసి ఐకాడ్‌లో స్టోరుకి వేశారు. ఫ్లాటు ఖాళీ చెయ్యాలి. దుర్గ తన సామాను తనే సర్దుతోంది. కాన్పు దగ్గర పడింది. మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఒక గది చూశాను. మార్చి నుంచి అక్కడే ఉంటాం. బిడ్డ పుట్టి, దుర్గ కాస్త తిరగ్గలిగాక, ఏ ఆదివారమో మీ దగ్గరికి రావచ్చా?

సత్యం

*

ముసఫ్ఫా
9 ఏప్రిల్ 2023

సత్యానికి,

ఆడపిల్ల పుట్టిందని రాజేశ్వర్ చెప్పాడు. దుర్గా పిల్లా క్షేమమన్నాడు. దేవుడు చల్లగా చూడాలి.

నీ ఉత్తరాలు రెండూ చదివాను. జవాబు రాయడానికి మనసు రాక కాదు, ఏం రాయాలో తెలియక ఊరుకున్నాను. పెద్దాయన అన్న మాట చదివినప్పుడు కాయితం బల్ల మీద పెట్టి బయటికొచ్చేశాను. బజారంతా రెండుసార్లు తిరిగాను. ఆ మాట నాకు తెలియకపోతేనే బాగుండేదని అనిపించింది. తర్వాత, నువ్వు దాన్ని కూడా దాచి ఉంటే నేనేమయ్యేవాడినా అని ఆలోచించాను. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను.

షాపు ఖాళీ చేశాను. మిగిలిన పెట్టెలు మలయాళీ తీసుకున్నాడు, వాళ్ల బంధువులెవరికో అజ్మాన్‌లో షాపుందిట. దిల్షాద్ బేగం తన హోటల్ పక్కన గోడ వారగా నాకు కాస్త చోటిచ్చింది. అట్టపెట్టెలు కట్టి, పేర్లు రాసి పెడుతున్నాను. ఐకాడ్ నుంచి ఒకరిద్దరు వస్తున్నారు. దీంతో ఎన్నాళ్లు గడుస్తుందో చెప్పలేను. మీ అత్తయ్య వచ్చెయ్యమంటోంది. ఇప్పుడే కాదన్నాను.

గోడౌన్ మొదలైంది. మన వరండాల మధ్య ఇప్పుడు మోటారు సైకిళ్లు. పార్సిళ్లు మోసే కుర్రాళ్లు, అందరూ కొత్తగా వచ్చినవాళ్లే. రంజాన్ కదా, సాయంత్రమయ్యేసరికి ఉపవాసం ఉన్నవాళ్లంతా ఎండలో తిరిగి వచ్చి, ఎక్కడ కూర్చోవాలో తెలియక బండి మీదే కూర్చుని ఖర్జూరాలు నోట్లో వేసుకుంటున్నారు. మొన్న దిల్షాద్ బేగం చాప పరిచి, "యల్లా, ఇటు రాండ్రి," అని కేకేసింది. ఉపవాసం లేనివాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు. కొత్త పొయ్యి రోజూ వెలుగుతోంది. వాళ్లని చూస్తే సంతోషం కలిగిందని రాయలేను. ఇంకా ఎన్నో షాపులుండాల్సిన చోట ఒక్క చాప ఉంది. కానీ నేనూ వెళ్లి ఆ చాప చివర కూర్చున్నాను.

దిల్షాద్ బేగం నిన్ను క్షమించిందో లేదో తెలియదు. నేను అడగలేదు. ఆవిడ నీ పేరు ఎత్తదు. అల్మాస్ ఒకసారి, "ఆ అన్న అల్ ఐన్‌లో రెండు రోజులు గేటు దగ్గర కూసున్నడంట కదా," అంది, అంతే. నా సంగతి అడిగితే, నేనింకా క్షమించలేదు. ఎప్పటికి క్షమిస్తానో కూడా తెలియదు. మీ అమ్మ తమ్ముణ్ని కాబట్టి అబద్ధం రాయలేను.

వస్తానన్నావు. రా. పిల్లకి నెల నిండాక తీసుకురా, దుర్గని కూర్చోబెట్టడానికి నీడ ఉంది. అన్నం ఇక్కడే తిందురుగాని. వచ్చినప్పుడు ఆ సంగతి నువ్వు ఎత్తకు. ఎత్తాల్సింది నేను. నాకు నోరొచ్చిన రోజున నేనే ఎత్తుతాను, అప్పుడు నువ్వు లేచి వెళ్లిపోకుండా విను.

మావయ్య